కొమ్ముకు కట్టిన ఎర్ర గుడ్డ

మా కాంపౌండర్ సారు పోయారు. బుధవారం పొద్దున్నే నేను గేదె పాలు పితికి, ఆ పాలను దొడ్డి వెనక తీసిన గుంటలో పారబోస్తుంటే టీచరమ్మ ఫోన్ చేసింది. టీచరమ్మ అంటే సారు భార్య. అంగన్‌వాడీలో పని మానేసి ఏళ్లయినా ఊరందరికీ ఇంకా టీచరమ్మే. "బిడ్డా, సారు ఇగ లేడు. తెల్లారంగ పోయిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. సగం పాలు గుంటలో, సగం బకెట్లో. మిగతా సగం కూడా పోసి, పైన సున్నం చల్లి, అక్కడే కూర్చుండిపోయాను.

పొద్దున్నే పితికిన పాలు గుంటలో పోయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆయన గొప్పవారని రాయడానికి కాదు. ఆ మాట అంటే ఆయనకు ఒళ్లు మండేది.

ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఇక్కడి పశువుల దవాఖానాలో ఆయన ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేశారు. డాక్టర్లు వచ్చేవారు, బదిలీ చేయించుకుని వెళ్లిపోయేవారు. కాంపౌండర్ సారు మాత్రం ఉండేవారు. అందుకని మాకు డాక్టరన్నా ఆయనే. మా మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. మేం గేదె అంటే ఆయన బర్రె అనేవారు. గూడేలకు వెళ్తే కోయ భాషలో పలకరించేవారు. "గూడెంల పసులకు కోయ రావాలె, మీ బర్రెకు కోస్తా మాట రావాలె. ఇంటికి పోయేసరికి నా మాట నాకే యాదికుండదు" అని నవ్వేవారు.

మోపెడ్ స్టాండు వేయకముందే చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగేవారు. తర్వాత నేరుగా పశువు దగ్గరికి వెళ్లకుండా దాని ముందు నిలబడి, చెయ్యి చాచి వాసన చూడనిచ్చేవారు. "ఏందే, ఏమైందే నీకు?" అని దాన్నే అడిగేవారు, మమ్మల్ని కాదు. మేం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. పొదుగు పట్టుకుని చూసేటప్పుడు కళ్లు మూసుకునేవారు. పని అయ్యాక బోర్లించిన బకెట్ మీద కూర్చుని చాయ్ తాగేవారు. పొయ్యి మీద బాగా మరిగిన, పాలు ఎక్కువ పోసిన చాయ్ అంటే ఆయనకు ప్రాణం. మా ఇంట్లో అయితే రెండో గ్లాసు అడగకుండానే పోసేదాన్ని.

ఆ రోజుల్లో సూది వేయకపోతే మాకు ఆయన మీద నమ్మకం కుదిరేది కాదు. గేదె మేత మానితే సూది, దూడ పారుకుంటే సూది. "జర రెండు దినాలు చూద్దాం" అంటే మేం ముఖం మాడ్చుకునేవాళ్లం. "చూడ్డానికి మేం లేమా సారూ, దానికి మిమ్మల్నెందుకు పిలవడం?" అని నేనే ఒకసారి మొహం మీద అనేశాను. నాకు నోటి దురుసు మొదటినుంచీ ఉంది. ఆయన నవ్వి సూది తీశారు. అలా నవ్వుతూ తీసిన సూదుల గురించే తర్వాత తర్వాత ఆయన ఎక్కువగా బాధపడ్డారు. "మీకు గీ అలవాటు చేసింది మేమే బిడ్డా. సంచిల ఉన్న పెద్ద మందే ముందుగాల తీసేటోణ్ణి. పసురం జల్దీ లేస్తే నాకు పేరు" అనేవారు.

ఆయన మారింది ఒక వానాకాలంలో. పైన గూడెంలో దూడలకు విరేచనాలు పట్టుకున్నాయి. అంతకుముందు ఒక్క సూదికి లేచి గంతులేసే దూడలు, ఆ ఏడు మూడు నాలుగు రకాల మందులు మార్చి వేసినా లేవలేదు. ఒక ముసలామె దూడ తల ఒళ్లో పెట్టుకుని, "నీ మందు పాతగైందా సారూ?" అని అడిగిందట. మందు కొత్తదే, ఆ వారమే సీల్ తీసింది. మోపెడ్ తోసుకుంటూ కిందికి వచ్చేశానని ఆయనే చెప్పారు. ఆ తర్వాత ఎవరెవరినో అడిగారు, కొత్తగా వచ్చిన డాక్టర్ల పుస్తకాలు తెచ్చుకుని చదివారు. మాకు మాత్రం ఇలా చెప్పారు: "మందుకు కంటికి కనవడని పురుగులు చానా చస్తయి. మనం నడుమల ఆపేస్తిమా, గట్టియి మిగుల్తయి. ఇగ పిల్లలు పెట్టేది గవే. వాటికి గా మందు నీళ్ల లెక్క. పసురం కాడ నుంచి పేడల, పాలల్ల, మన చేతులకు. గిట్ల తిరుగుతనే ఉంటయి."

మేం తలలూపాం. అర్థమైందో లేదో ఆయనకూ అనుమానమే. అందుకే గుడ్డ మొదలుపెట్టారు.

పాలిచ్చే పశువుకు ఈ పురుగుల్ని చంపే మందు సూది వేస్తే, దాని కొమ్ముకు ఒక ఎర్ర గుడ్డ పేలిక కట్టేవారు. సూదులు పడినన్ని రోజులూ, ఆఖరి సూది తర్వాత మందును బట్టి ఇంకో మూడు నాలుగు రోజులూ ఆ గుడ్డ ఉండాలి. మందు పాలలోకి దిగుతుంది కనుక, ఉన్నన్నాళ్లూ ఆ పాలు పాల కేంద్రానికి పోకూడదు, ఇంట్లో తాగకూడదు, దూడకు కూడా వదలకూడదు. గుంటలో పోసి సున్నం చల్లాలి. గడువు అయ్యాక ఆయనే వచ్చి గుడ్డ విప్పేవారు. విప్పేముందు మందు ఖాళీ సీసాలు చూపించమనేవారు, లెక్కకు సరిపోయాయా లేదా అని. ఆ గుడ్డకు ఆయన వేసే ముడి వేరు. గిత్తలను పడదోయడానికి పగ్గం బిగించే ముడిలాంటిది, కొస ఎక్కడో లోపలికి దోపేసేవారు. తొందరపడి లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఊళ్లో దాన్ని సారు ముడి అనేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందట మా చుక్క గేదెకు పొదుగువాపు వచ్చింది. సారు ఐదు రోజులు సూదులని చెప్పి, మొదటిది వేసి, గుడ్డ కట్టారు. మిగతా సీసాలు నా చేతిలో పెట్టి, ఇంజక్షన్ వేయడం నాకు వచ్చు కాబట్టి రోజుకొకటి వేయమన్నారు. ఆయన ఆ వారం ఊళ్లో లేరు. రెండో సూదికే వాపు దిగింది. గేదె మేసింది. మా అత్తగారు ఉదయం లేస్తూనే, "బాగానే ఉందిగా అమ్మా, ఇంకా ఎందుకు పారబోయడం? మన క్యాను ఎప్పుడైనా సగం పోయిందా కేంద్రానికి? అందరూ చూస్తున్నారు" అంది. మా ఇంటి క్యాను మూత దాకా నిండుగా పోవడం ఆమెకు పరువు. నిజం చెప్పాలంటే నాకూ పరువే.

సూదులు ఆపేశాను. మూడు సీసాలు మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని వంటింటి గూట్లో, ఉప్పు జాడీ వెనక దాచాను. గుడ్డను కత్తి మొనతో ముడి వదులు చేసి ఊడదీసి, చూరులో దోపాను. ఆరు రోజులు పాలు కేంద్రానికి పోశాను. సారు వస్తారన్న రోజు పొద్దున గుడ్డ మళ్లీ కట్టాను, నాకు వచ్చిన ముడితో. వేరే మందువి పాత ఖాళీ సీసాలు కూడా కడిగి వరసగా పెట్టాను.

ఆయన వచ్చారు. చేతులు కడుక్కున్నారు. గేదెకు చెయ్యి వాసన చూపించారు. కొమ్ము పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత గుడ్డ విప్పి సంచిలో వేసుకున్నారు. సీసాలు చూపించమని అడగలేదు. నేను బతికిపోయాననుకుని చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్తుంటే వెనక నుంచి అన్నారు, "నాకు పాలొద్దు బిడ్డా. డికాషన్ చాలు."

ఆ రోజు నుంచి ఎనిమిదేళ్లు మా ఇంట్లో ఆయన డికాషనే తాగారు. ఒంట్లో బాగాలేక మానేశారేమో అనుకున్నాను. పక్కింట్లో అడిగాను. అక్కడ పాల చాయే తాగుతున్నారట, ఇంకొంచెం పాలు పొయ్యమని అడిగి మరీ. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. అనేదేదో ముఖం మీద అనొచ్చుగా అని. ఆయన అనలేదు. ఎప్పటిలాగే వచ్చేవారు, బకెట్ మీద కూర్చునేవారు, నల్లటి చాయ్ ఊదుకుంటూ తాగి వెళ్లేవారు. నేను ఆ తర్వాత ఎప్పుడూ గుడ్డ తీయలేదు. అయినా పాల చాయ్ ఇస్తానని అడగడానికి నోరు రాలేదు.

రిటైరయ్యాక ఆయనకు దవాఖానా లేదు, సంచి ఉంది. వారానికి రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఖాళీ సీసాలు అడిగేవారు. సగం వాడి దాచిన సీసాలు కనిపిస్తే తీసుకెళ్లిపోయేవారు. "పాత సీసాలు కొంటాం" అని ఆయన వెనక అరిచి నవ్వేవాళ్లుండేవారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవారు. కొత్తగూడెం రోడ్డు మీద కోళ్ల షెడ్లకు కూడా వెళ్లారు. అక్కడ పిల్ల దిగిన రోజు నుంచే నీళ్లలో మందు పొడి కలుపుతారు, జబ్బు ఉన్నా లేకపోయినా. "జ్వరం రాకముందుగాలనే గోళీలు మింగుతరా ఎవరన్న?" అని ఆయన అడిగారు. రెండోసారి వెళ్తే గేటు తీయలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి కూడా సీసాల మాటే మాట్లాడేవారని టీచరమ్మ విసుక్కునేది. "పాస్టరు గారి వాక్యం అయిపోతది, ఈయనది మొదలైతది" అనేది.

మొన్న వానల్లో గూడెంలో ఒక ఆవును చూస్తుంటే అది ఆయన పాదం తొక్కింది. చిన్న గాయం. కట్టు కట్టుకుని మళ్లీ తిరిగారు. పది రోజులకు పాదం ఉబ్బింది, చీము పట్టింది, పిక్క దాకా నల్లబడింది. ఖమ్మం తీసుకెళ్లారు. ఒక మందు ఎక్కించారు, తగ్గలేదు. ఇంకోటి ఎక్కించారు. ఆయన పోవడానికి పది రోజుల ముందు నేను చూడ్డానికి వెళ్లేసరికి మనిషి మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. నన్ను చూసి, "చుక్కబర్రె ఎట్లున్నది?" అని అడిగారు. అది ముసలిదై పోయింది సారూ, ఇప్పుడున్నది దాని కూతురు అన్నాను. "అవ్ గదా" అన్నారు.

దిండు కింద నుంచి ఒక కాగితం తీసి నాకిచ్చారు. గాయంలో చీము పరీక్ష చేసిన రిపోర్టు. ఎడమ పక్క మందుల పేర్లు, వాటి ఎదురుగా ఒక్కో అక్షరం. వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే ఆ మందు ఆ పురుగును చంపదని అర్థమట. కింద ఒకే ఒక్కదానికి వేరే అక్షరం ఉంది. అది ఎక్కిస్తున్నారు, కానీ దాన్ని మూత్రపిండాలు తట్టుకోవడం లేదని టీచరమ్మ మెల్లగా చెప్పింది.

సారు కాగితం తిరిగి తీసుకుని వేలు పెట్టి చదివారు, బడి పిల్లలు పాఠం చదివినట్టు. "ఇది గూడెం దూడలకు వేసిన. ఇది మీ చుక్కబర్రెకు. ఇది నీ పక్కింటోళ్ల జెర్సీ ఆవుకు. ఇదైతే లెక్కే లేదు, అందరికీ. అన్నీ నా సంచిల మందులే బిడ్డా." ఆయన గొంతులో ఏడుపు లేదు. అదే నాకు భరించరానిదైంది. "ఈ పురుగు పశువుల నుంచే వచ్చిందని డాక్టర్లు అన్నారా సారూ?" అని అడిగాను. "యాడికెల్లి వచ్చిందో ఎవరు చెప్తరు? నేను అడిగిన. దవాఖానాలకెల్లి రావొచ్చు, మట్టిలకెల్లి రావొచ్చు అన్నరు. తెల్వదు" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. గుడ్డ ఊడదీసింది, పాలు పోసింది, ఉప్పు జాడీ వెనక మూడు సీసాలు, కడిగి పెట్టిన పాత సీసాలు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు.

"నాకెరికే. ముడి నాది కాదు" అన్నారు.

"మరి నన్ను తిట్టలేదేం సారూ? ఎనిమిదేళ్లు నన్నెందుకలా చంపారు?"

"తిడితే నాకు భయపడి కడుతవ్. రేపు నేను లేకపోతే?" అన్నారు. తర్వాత కట్టు గుడ్డ ముక్క ఒకటి తెమ్మని, మంచం కడ్డీకి చుట్టి ఆ ముడి వేసి చూపించారు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే. నాతో నాలుగుసార్లు వేయించారు. నాలుగోసారికి సరిగ్గా పడింది. నర్సమ్మ వచ్చి "ఏంటిది?" అంటే ఇద్దరం నవ్వాం.

వచ్చేముందు అడిగాను, "సారూ, మా గేదెకు ఏడాదిగా ఏ మందూ పడలేదు. మళ్లీ వచ్చేటప్పుడు ఫ్లాస్కులో చాయ్ తెస్తాను. పాల చాయ్. తాగుతారా?"

ఆయన కళ్లు మూసుకుని, పొదుగు చూసేటప్పుడు మూసుకున్నట్టే, "చిక్కగ పెట్టి తే బిడ్డా" అన్నారు.

రెండు రోజులకు మా గేదెకు పొదుగువాపు వచ్చింది. ఇప్పుడున్న డాక్టరమ్మ చిన్నపిల్ల, పాలు కొంచెం సీసాలో పట్టి పరీక్షకు పంపి, ఒక మందు మొదలుపెట్టింది. నేను గుడ్డ కట్టాను. ఫ్లాస్కు కడిగి బోర్లించి పెట్టాను. పక్కింటి పాలతో చాయ్ పెట్టి తీసుకెళ్లొచ్చుగా అంది మా అత్తగారు. వేరే పాలైతే ఆయన మా ఇంటి చాయ్ తాగినట్టు కాదుగా. ఆ మాట అత్తగారితో అనలేదు. వాపు తగ్గలేదు. సోమవారం రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. పేర్లు, వాటి ఎదురుగా అక్షరాలు. ఆ పేర్లన్నీ నేను వారం కిందటే ఆయన వేలి కింద చదివాను. సగానికి పైగా ఆర్. డాక్టరమ్మ, "అక్కా, ఆ పురుగూ ఈ పురుగూ ఒకటని అనుకోవద్దు, అలా చెప్పలేం" అంది. మందు మార్చి ఐదు రోజుల సూదులు మొదలుపెట్టింది. మూడో రోజు ఆయన పోయారు. నా చాయ్ తాగకుండా పోయారు.

ఆదివారం, పోయిన మనిషి ఇంటివారిని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. మా ఊళ్లో ఇలాంటి వాటికి తలా ఒకటి చూసుకుంటాం. భోజనం చర్చి వాళ్లు, కుర్చీలు పక్క వీధి వాళ్లు, చాయ్ మా ఇల్లు. ఎప్పటినుంచో అంతే. నా గేదెకు ఆఖరి సూది శుక్రవారం పడింది. ఇంకా గుడ్డ ఉంది. మా ఇంట్లో ఇంకో గేదె ఉన్నా అది చూడిది, పాలివ్వడం లేదు. పక్కింట్లో అడుగుదామని వెళ్లాను. వాళ్ల ఆవు కొమ్ములకు ఏమీ లేదు. దొడ్డి చూరులో మాత్రం కొత్త ఖాళీ సీసా ఉంది, మూత ఇంకా మెరుస్తోంది. నేను సీసా వంక చూశాను, ఆ ఇల్లాలు నా వంక చూసింది. "రెండు దినాలకే తగ్గిందక్కా" అంది. ఎనిమిదేళ్ల కిందటి నన్ను నేనే చూసుకున్నట్టనిపించింది, ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చేశాను. వాళ్ల క్యాను ఆ పొద్దున కూడా కేంద్రానికి పోయింది. అక్కడ మా ఊరి పాలన్నీ ఒక్క ట్యాంకులోనే కలుస్తాయి. ఇంకే ఇంటి గూట్లో ఏం సీసా ఉందో నాకు తెలియదు. ఇప్పుడు వెళ్లి అడిగేవాళ్లు లేరు.

మా అత్తగారు, "ఒక్కరోజుకు గుడ్డ తీసెయ్యవే. అంతమంది వస్తారు, పాలు లేని చాయ్ పోస్తే ఏమనుకుంటారు? చచ్చిపోయిన మనిషికి మర్యాదా అది?" అంది. ఆమెకూ సారంటే ప్రేమే. గుడ్డ వంక చూశాను. ముడి నేనే వేశాను, నాలుగుసార్లు నేర్చుకున్న ముడి. "తీయనత్తయ్యా" అన్నాను. పెద్ద గిన్నెలో డికాషన్ కాచి, అల్లం దంచి వేసి, బెల్లం కలిపి తీసుకెళ్లాను.

పాస్టరు గారి ప్రార్థన అయింది, పాటలయ్యాయి. గ్లాసులు పంచుతుంటే గొణుగుడు మొదలైంది. "ఏందిది, పాలు లేవా? ఇన్ని బర్రెలున్న ఊర్ల?" అని ఎవరో గట్టిగానే అన్నారు. నేను గ్లాసులు పంచుతూనే ఉన్నాను. టీచరమ్మ లేచి నా దగ్గరికి వచ్చి ఒక గ్లాసు తీసుకుంది. "మా ఆయన వీళ్లింట్ల గిదే తాగెటోడు" అని అందరికీ వినబడేలా అని, నిలబడే తాగింది. అందరూ గ్లాసులు అందుకున్నారు. తాగారు. పక్కింటి ఇల్లాలు కూడా తాగింది, తలెత్తకుండా. వెళ్లేటప్పుడు టీచరమ్మ సారు సంచి నా చేతికిచ్చింది. లోపల సిరంజీలు లేవు, మందులు లేవు. మూరెడు మూరెడు చింపి చుట్టలు చుట్టిన ఎర్ర గుడ్డ పేలికలు ఉన్నాయి, పది పన్నెండు దాకా. ఆమె పాత చీర అట.

డాక్టరమ్మ చెప్పిన గడువుకు ఇంకా రెండు రోజులుంది. గేదె నెమరేస్తూ తల ఊపినప్పుడల్లా కొమ్ము మీద ఆ ఎర్ర పేలిక అటూ ఇటూ కదులుతోంది. ఫ్లాస్కు ఇంకా బోర్లించే ఉంది. ఇంట్లో అందరం డికాషనే తాగుతున్నాం. ఈ పొద్దున మా అత్తగారు కూడా గ్లాసు అందుకుని, గేదెకు ఎదురుగా బకెట్ బోర్లించుకుని కూర్చుని తాగింది.